పేరు కత్తిరించినా నీదని తెలిసేలా

తమ్ముడూ,

నీ మెయిల్, దాంతో పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. నల్లగొండ పక్కన ఉన్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మీద నువ్వు రాసిందాన్ని పొల్లు పోకుండా ఎత్తుకుని, నీ పేరు తీసేసి, ఇంకొకరి పేరు తగిలించి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. కోపం రావాల్సిందే. ‘ఇక నెట్‌లో రాయను’ అన్నావు చూడు, ఆ ముక్కను మాత్రం నేను పట్టించుకోను.

ముందు చట్టం సంగతి చెప్తాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, నువ్వు రాసి పెట్టుకున్నప్పుడే ఆ రచన మీద హక్కు నీకు వచ్చేసింది. రిజిస్టర్ చేయిస్తేనే హక్కు అనేది అపోహ. నువ్వు ఉన్నన్నాళ్లూ, నీ తర్వాత 60 ఏళ్లూ అది ఉంటుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తుంది, రచనకు 500 రూపాయలు ఫీజు. రేపు పుస్తకం వేస్తే చేయించుకో. వారం వారం రాసేదానికంతా ఆ తిప్పలు దండగ.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చట్టం కాపాడేది నువ్వు రాసిన తీరును. అందులోని సమాచారం అందరిదీ. నీ వ్యాసం మొదటి సగం మళ్లీ చదువు. కుందూరు చోడుల కాలపు గుడి, మూడు గర్భగుళ్ల త్రికూటాలయం, ఒకదాంట్లో లింగం మీద రోజంతా నిలిచే నీడ. ఇవే సంగతులు ఎవరైనా తమ మాటల్లో రాసుకుంటే నువ్వు కాదనలేవు. ఇప్పుడైతే ఏఐ టూల్‌లో వేస్తే నిమిషం పట్టదు. ‘శాస్త్రానికి అందని అద్భుతం’ అన్నావు, అది నీకంటే ముందు ఎంతమంది వాడిన మాటో! పైగా అబద్ధం. వెలుతురు ఎటునుంచి వస్తోంది, స్తంభాలు ఎక్కడున్నాయి అని చూస్తే అంతుపట్టే విషయమే అది.

రెండో సగంలో నువ్వు స్తంభాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, ఏ వైపు వెలుతురుకు అడ్డం నిలబడితే నీడ ఏమవుతోందో చూశావు. పూజారి నిన్ను విసుక్కున్నాడు. అది నీ రాత. దాన్ని మాటలు మార్చి దింపుకుంటే చదివినవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకంటే ఆ విసుగు తిన్నది నువ్వు. పోచంపల్లి చీర అసలుదా, ప్రింటుదా అని తెలుసుకోవాలంటే తిరగేసి చూస్తారు. నూలుకే రంగు అద్ది నేసిన చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. నీ ఊరు, నువ్వు నిలబడ్డ చోటు, నీకు తెలిసిన మనుషులు అలా వ్యాసం లోపలే ఉండాలి. కింద పెట్టిన పేరును కత్తిరించడం ఎంతసేపు!

పాలమూరు వలసల మీద రాస్తానన్నావు కదా, అక్కడా ఇదే. ‘కరువు వల్ల ప్రజలు పొట్ట చేతపట్టుకుని వెళ్లారు’ అని రాస్తే అది ఎవరిదైనా కావచ్చు. మీ నాయనమ్మను కూర్చోబెట్టి అడుగు. కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఎప్పుడు ఇచ్చేవాడు, దాంతో ముందు ఏ అప్పు తీర్చారు, ఏ డ్యామ్ పనికి పోయారు, చంటిపిల్లలను ఎవరి దగ్గర వదిలారు. ఆమె చెప్పిన మాటను బాగు చేసి పుస్తక భాషలోకి మార్చకు. ఒక జాగ్రత్త: ఎవరికి ఎంత బాకీ పడ్డారో పేర్లతో సహా నెట్‌లో పెట్టేముందు వాళ్లను అడుగు. నీ రాతను కాపాడుకోవడం ఎంత ముఖ్యమో, నిన్ను నమ్మి చెప్పినవాళ్లను కాపాడటం అంతకంటే ముఖ్యం.

ఇక రాసింది దొరకడం గురించి. నువ్వు డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టించి, ఆ పీడీఎఫ్‌ను, ఫొటో కార్డులను పంచుతున్నావు. చూడటానికి అందంగా ఉన్నాయి, కాదనను. కానీ ఆ అక్షరాలు యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలో లేవు. గూగుల్‌లో వెతికితే సరిగ్గా దొరకవు, చూపు లేనివాళ్ల ఫోన్ వాటిని చదివి వినిపించలేదు, రేపు ఎవరైనా కాజేస్తే పట్టుకోవడం నీకే కష్టం. యూనికోడ్‌లో టైప్ చెయ్యి. నల్లగొండ అని కొందరు, నల్గొండ అని కొందరు వెతుకుతారు. మహబూబ్‌నగర్, పాలమూరు కూడా అంతే. రెండు రూపాలూ ఒక్కోసారైనా వచ్చేలా చూసుకో.

కాపీలను పట్టడానికి నేను చేసేది ఒక్కటే. వ్యాసంలో నాకు మాత్రమే తోచే వాక్యం ఒకటి తీసి, రెండు పక్కలా కొటేషన్ గుర్తులు పెట్టి గూగుల్‌లో వెతుకుతాను. రైట్ క్లిక్ ఆపేసే కోడ్ పెట్టమని నీకెవరో సలహా ఇచ్చారట, వద్దు. దొంగకు అది అడ్డే కాదు. ఒక పేరా తీసుకుని నీ పేరుతో పంచుకుందామనుకున్న మంచి పాఠకుడికే ఇబ్బంది.

ఇప్పుడు నీ కేసు. వాట్సాప్‌లో తిరిగేదాని వెంట పడకు, ఆయాసం తప్ప ఏమీ రాదు. దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టినవాళ్లున్నారుగా, వాళ్లకు ముందు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు. చాలామంది అక్కడే పేరు చేరుస్తారు, లేదా తీసేస్తారు. మెసేజ్ పెట్టడానికి ముందే ఆ పేజీని, వెబ్ పేజీల కాపీలు తేదీతో దాచిపెట్టే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేసుకో. తర్వాత తీసేసి ‘మేమెప్పుడు పెట్టాం’ అంటే నీ దగ్గర తేదీతో ఉంటుంది. వినకపోతే, ఆ పేజీని నడిపిస్తున్న కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి: నీ రచన లింకు, వాళ్ల లింకు, నువ్వు ముందు ప్రచురించిన తేదీ. మన కాపీరైట్ నిబంధనల ప్రకారం వాళ్లు 36 గంటల్లో దాన్ని ఆపాలి. అది 21 రోజుల వరకే. ఆలోపు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే అంత దూరం వెళ్లేవాళ్లు తక్కువ.

దొంగల కంటే నాకు భయం వేసేది నీ రచనలన్నీ ఒకే చోట ఉండటం. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ మూతపడింది. అక్కడ మాత్రమే రాసుకుని, కాపీ దించుకోనివాళ్ల రాతలు దాంతోనే పోయాయి. ప్రతి రచనకూ నీ దగ్గర ఒక ఫైల్ ఉండాలి, ఇంకోటి వేరే చోట ఉండాలి. అకౌంట్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ ఈ రాత్రికే పెట్టు.

చివర్లో ఓ యాప్ వాళ్లు నీ కథలు అడిగారని రాశావు. అగ్రిమెంటులో ‘సర్వ హక్కులూ’ వాళ్లవే అని ఉంటే ఆగు. ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ఇరికిస్తారు. ఆడియోకు, అనువాదానికి, సినిమాకు వేరువేరుగా అడగమను. హక్కులు అమ్ముకున్నా, రాసింది నువ్వేనని చెప్పుకునే హక్కు చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం నీకే ఉంటుంది, కాబట్టి పేరు వేయం అంటే ఒప్పుకోకు. సంతకం పెట్టకముందే ఆ అగ్రిమెంటు నాకు పంపు, ఆదివారం ఫోన్‌లో కూర్చుని లైను లైనూ చూద్దాం.

మీ అన్న
నల్లగొండ