బుజ్జీ, ఆ కారుకి డబ్బు కట్టే ముందు ఇది చదువు

బుజ్జీ,

నువ్వు కారు కొంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. హ్యూస్టన్‌కి నాలుగు గంటల దూరంలో డల్లాస్‌లో ఉన్న బాబాయికి ఈ కబురు నరసరావుపేట మీదుగా రావాలా? సరే, ఆ కోపం నువ్వు కలిసినప్పుడు చూపిస్తాలే. ముందు సంతోషం చెప్పుకోనీ. మన ఇంట్లో సొంత డబ్బుతో కారు కొంటున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. మీ నాన్న చేతక్ స్కూటర్ మీద ముందు నిలబడి, హారన్ మీద నుంచి చెయ్యి తీయమంటే బజారంతా వినబడేలా ఏడ్చేదానివి. ఆ పిల్ల ఇప్పుడు ఆరు లేన్ల ఫ్రీవే ఎక్కుతానంటోంది. మీ పిన్నికి చెప్పి మళ్ళీ మళ్ళీ నవ్వుకున్నాను. తర్వాత పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

2012 మోడల్, లక్షా ఇరవై వేల మైళ్ళు, 5,500 డాలర్లు, ఇంతవరకూ బాగానే ఉంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో తెలుగబ్బాయి ఇండియా వెళ్ళిపోతూ అమ్ముతున్నాడట, "మనవాడే అమ్మా, మోసం ఉండదు, బాబాయికి చెప్పు" అన్నావట. ఆ ముక్క దగ్గరే నాకు గుండె పట్టేసింది. ఎందుకంటే ఒకప్పుడు ఆ "మనవాడు" నేనే.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. కారు పగలు చూడు, రాత్రి పార్కింగ్ లైట్ల కింద చూడకు. నువ్వు వెళ్ళే ముందే అతను స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పు. టైరు పక్కన చివరి నాలుగంకెలు ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి, చదువు. నీకు తెలిసిన మెకానిక్‌కి వందో రెండొందలో ఇచ్చి పైకెత్తించి చూపించు. టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, అతని పేరు మీదే ఉందో లేదో చూడు. అంతే, ఇవి నువ్వు యూట్యూబ్‌లో చూసే ఉంటావు.

ఇక నా సంగతి.

1999లో నేను 3,200 డాలర్లకి ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నాను. ఏ కంపెనీయో అనవసరం. ఎండాకాలం మధ్యాహ్నం, ట్యాంకులో పెట్రోలు పావుకి తగ్గిందంటే ఒక దగ్గు దగ్గి ఆగిపోయేది. రోడ్డు మధ్యలోనైనా సరే. న్యూట్రల్‌లో వేసి తాళం తిప్పితే మళ్ళీ స్టార్టయ్యేది. మొదటిసారి ప్రాణం పోయినంత పనైంది, మూడోసారికి అలవాటైంది. మన ఇంటి చేతక్ గుర్తుందా, పక్కకి వంచి, రెండు నిమిషాలు ఆగి, కిక్కు కొడితే గానీ కదిలేది కాదు, స్టార్టవ్వకపోతే తప్పు బండిది అని మనలో ఒక్కరైనా అనుకున్నామా? వంచడం రాలేదురా నీకు అని మీ నాన్న నన్నే తిట్టేవాడు. ఆ బుద్ధితోనే అమెరికా వచ్చాను. ట్యాంకు సగానికి తగ్గనివ్వకుండా ఉంటే కారు ఆగదని కనిపెట్టాను, అదేదో నా తెలివి అనుకున్నాను. డీలర్‌కి చెప్పలేదు. కంపెనీకి ఉత్తరం రాయలేదు. ఈ దేశంలో ఇలాంటివి చెప్పుకోవడానికి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అని ఒక ప్రభుత్వ ఆఫీసు ఉందని తెలుసుకోనే లేదు.

2001లో కొత్త కారు కొంటూ దాన్ని ఎంఎస్‌కి వచ్చిన ఒక తెనాలి అబ్బాయికి అమ్మేశాను. 1,800 డాలర్లు, అదీ మూడు వాయిదాల్లో. పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. తాళం చేతిలో పెడుతూ "తమ్ముడూ, ట్యాంకు సగానికి తగ్గనివ్వకు, దీనికదో అలవాటు" అని నవ్వుతూ చెప్పాను. లోపం అనలేదు, అలవాటు అన్నాను. వాడు క్యాంపస్‌లో గంటకి ఆరు డాలర్లకి పని చేసుకునే పిల్లాడు. సగం ట్యాంకు ఎక్కడి నుంచి తెస్తాడు? ఐదు డాలర్లు, ఐదు డాలర్లు పోయించుకునేవాడు.

నాలుగు నెలలకి ఐ-35 హైవే మీద మధ్య లేన్‌లో ఆగిపోయింది. వెనక వచ్చిన పికప్ గుద్దింది. ఎడమ కాలు రెండు చోట్ల విరిగి, లోపల రాడ్ వేశారు, ఒక సెమిస్టర్ పోయింది. నేను రోజూ ఆసుపత్రికి అన్నం క్యారియర్ తీసుకెళ్ళాను. అందరూ నన్ను ఎంత మంచివాడివి అన్నారు.

2004లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తుంటే, చెప్పుల అట్టపెట్టెలో క్రెడిట్ కార్డు వాళ్ళ ప్రకటనలు, పిజ్జా కూపన్ల మధ్య ఒక తెల్ల కవరు కనబడింది. చింపలేదు. వంటింట్లో నిలబడి వెన్న కత్తితో కోశాను. కారు కంపెనీది. పెట్రోలు పంపులో లోపం ఉంది, నడుస్తుండగా ఇంజన్ ఆగిపోవచ్చు, ఏ డీలర్ దగ్గరికైనా తీసుకురండి, పైసా తీసుకోకుండా మారుస్తాం అని ఉంది. ఇలా కంపెనీ వెనక్కి పిలవడాన్నే రీకాల్ అంటారు. తేదీ చూశాను. నేను అమ్మడానికి ఆరు వారాల ముందు.

మీ పిన్నికి కూడా చెప్పలేదు పదేళ్ళు. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ గొడవ వచ్చింది కదా, అప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు. నా కారు ఆ కంపెనీది కాదు, ఆ లోపమూ కాదు. కానీ చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. తాళం దానంతటదే తిరిగి ఇంజన్ ఆగేది, దాంతో పాటు ఎయిర్‌బ్యాగూ పనిచేసేది కాదు. చిన్న స్విచ్చు. కార్లు ఆగిపోతున్నాయని జనం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు, కంపెనీ లోపల కొందరికి తెలుసు కూడా. చివరికి నష్టపరిహారం లెక్కలో 124 చావులు తేలాయి. ఆ రాత్రి ఆ అబ్బాయికి ఫోన్ చేశాను, అప్పటికి వాడు విజయవాడ వెళ్ళిపోయి స్థిరపడ్డాడు. కవరు సంగతి మొత్తం చెప్పాను. వాడు ఒక్కటే అడిగాడు, "తేదీ ఎంతుందన్నా దాని మీద?" అని. చెప్పాను. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "పిల్లలెలా ఉన్నారు?" అన్నాడు.

ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. మెట్లెక్కేటప్పుడు ఎడమ కాలు ముందు వేయడు.

అందుకే బుజ్జీ, మనవాడా కాదా అని చూడకు. నీకు అమ్మేవాడు మంచివాడే అయ్యుంటాడు, నేను మాత్రం చెడ్డవాడినా? అతనికి తెలియకపోవచ్చు, తెలిసీ అలవాటు అనుకుని ఉండొచ్చు. చట్టం కూడా అతన్ని ఏమీ అడగదు. రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త కారు అమ్మకూడదు, 35 కార్లు దాటిన రెంటల్ కంపెనీ అలాంటి కారు అద్దెకివ్వకూడదు, ఆ రూలు 2016లో వచ్చింది. పాత కారుకి మాత్రం దేశమంతటికీ వర్తించే చట్టం ఏదీ లేదు, బాగు చేయకుండానే అమ్మేయొచ్చు. పైగా 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా ఎత్తేశారు. మీ హ్యారిస్ కౌంటీలో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. అంటే ఆ కారు కింద ఎవరూ తలపెట్టి చూసి ఉండరు.

చెయ్యాల్సింది ఐదు నిమిషాల పని. విన్ నంబర్, అంటే ఒక్కో కారుకీ ఉండే గుర్తింపు నంబర్, అడుగు. 17 అక్షరాలు, డ్రైవర్ వైపు ముందు అద్దం కింద మూల ఉంటుంది, డ్రైవర్ తలుపు తీస్తే స్టిక్కర్ మీద కూడా ఉంటుంది. రెండూ కలిశాయా లేదా చూడు. అందులో ఐ, ఓ, క్యూ ఉండవు, గుండ్రంగా కనిపించేది సున్నాయే. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో అది కొడితే ఇంకా చేయించని రీకాల్స్ వస్తాయి. ఏమీ లేదని వస్తే సంబరపడి వదిలేయకు, కొత్తగా ప్రకటించినవి ఎక్కడానికి టైం పడుతుంది, రెండు నెలలకోసారి మళ్ళీ చూడు. అదే సైట్‌లో ఆ మోడల్ మీద మిగతా ఓనర్లు పెట్టిన ఫిర్యాదులు కూడా ఉంటాయి. చదువు, ఒక సాయంత్రం పోతే పోయింది. ఒకడు రాసింది కథ కావచ్చు, నలభై మంది వేర్వేరు ఊళ్ళ నుంచి ఒకే మాట రాస్తే అది కథ కాదు.

ఎయిర్‌బ్యాగ్ రీకాల్ అని వస్తే మాత్రం ఆ కారు డీలర్ దగ్గరికి వెళ్ళొచ్చేదాకా ఎక్కొద్దు, ఎక్కనివ్వొద్దు. టకాటా అనే ఎయిర్‌బ్యాగుల కంపెనీ గొడవ వినే ఉంటావు. అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు వెనక్కి పిలిచారు. లోపల అమ్మోనియం నైట్రేట్ వాడారు, ఏళ్ళ తరబడి ఎండకీ ఉక్కకీ అది పాడై, చిన్న గుద్దుకే లోహపు డబ్బా పగిలి ముక్కలు మొహం మీదికి వస్తాయి. మీ హ్యూస్టన్ ఉక్క బందరు ఉక్కే కదా, అందుకే గల్ఫ్ తీరం కార్లకి ముందు చేశారు. 2016లో మీ పక్కనే రిచ్‌మండ్‌లో 17 ఏళ్ళ పిల్ల, సీటు బెల్టు పెట్టుకునే ఉంది, ముందు కారుకి తగిలితే ఆ ముక్క మెడకి తగిలి పోయింది. కారు కంపెనీ ఉత్తరాలు పంపామంది, ఇంట్లోవాళ్ళు మాకు అందలేదన్నారు. నాకు అట్టపెట్టె గుర్తొచ్చింది.

అందుకని కొన్న వారంలోనే టైటిల్ నీ పేరు మీదికి మార్పించు, ఇల్లు మారిన ప్రతిసారీ రిజిస్ట్రేషన్‌లో అడ్రస్ మార్చు. మీ స్టూడెంట్స్ అందరూ దీన్ని "తర్వాత చూద్దాంలే" అంటారు, రీకాల్ ఉత్తరం వెళ్ళేది ఆ అడ్రస్‌కే. 2014 నుంచి కవరు మీద రవాణా శాఖ గుర్తుతో పెద్ద లేబుల్ వేస్తున్నారు, చెత్త మెయిల్ అనుకోవడానికి నీకు నాకున్నంత సాకు కూడా లేదు.

రేపు కారులో ఏదైనా తేడా అనిపిస్తే సర్దుకోకు, రాయి. ఆ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, డబ్బేమీ తీసుకోరు. "కారు బాలేదు" అని రాస్తే ఎవడికీ అర్థం కాదు. ఏ తేదీ, ఎన్ని మైళ్ళు తిరిగింది, ఎంత స్పీడులో ఉన్నావు, ఏ లైటు వెలిగింది, డీలర్ ఏమన్నాడు, అలా రాయి. బిల్లులు దాచు. నువ్వు సొంత డబ్బుతో బాగు చేయించుకున్నాక దానికే రీకాల్ వస్తే ఆ ఖర్చు తిరిగి అడగొచ్చు.

ఇంకొకటి, ఇది నా భయమే అనుకో. నడుస్తుండగా ఆగిపోతే ముందు హజార్డ్ లైట్లు వెయ్యి. స్టీరింగ్ బిగుసుకుంటుంది గానీ తిరుగుతుంది, బలంగా తిప్పు. బ్రేకు మాటిమాటికీ కొట్టకు, ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకో. షోల్డర్ మీదికి, అంటే రోడ్డు అంచున వదిలిన ఖాళీ జాగాలోకి, చేరాక ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచి దిగి రెయిలింగ్ అవతల నిలబడు. కారులో కూర్చుని మీ అమ్మకి ఫోన్ చెయ్యకు.

శనివారం నేను వస్తున్నాను. పిన్ని గోంగూర, కారప్పొడి కట్టి పెట్టింది. నేను వచ్చేదాకా అతనికి అడ్వాన్స్ ఇవ్వకు, వేరేవాళ్ళు కొనేస్తే కొనుక్కోనీ. విన్ నంబర్ ఫోటో మాత్రం ఈ రాత్రికే పంపించు. అద్దం మీద ఎండ పడకుండా, కాస్త వంగి, నీ చున్నీ అడ్డం పెట్టి తియ్యి. లేకపోతే 8 ఏదో బి ఏదో నాకు తెలియదు.

బాబాయ్