గ్లూకోజ్‌ను తొందరపడి మండించకు

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "కణంలో గ్లూకోజ్ మండి శక్తినిస్తుంది" అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ ఒక్క మాటతో చెప్పాల్సిన కథంతా కాలిపోయింది. నిప్పులో వేస్తే గ్లూకోజ్‌లోని శక్తంతా ఒక్కసారిగా వేడైపోతుంది, కణానికి అది దక్కదు. కణం అదే శక్తిని మెట్టు మెట్టుగా దింపుకుంటూ, ఏటీపీ అనే అణువుల చిల్లరగా మార్చుకుంటుంది. నువ్వు రాయాల్సింది ఆ మెట్ల గురించి.

మొదటిదే చూడు. కణద్రవ్యంలో ఆరు కార్బన్ల గ్లూకోజ్‌ను మూడేసి కార్బన్లున్న రెండు పైరువేట్‌లుగా విడగొట్టాలంటే, కణం ముందు తన చేతి నుంచి రెండు ఏటీపీలు పెట్టుబడి పెట్టాలి. తర్వాత నాలుగు వస్తాయి, మిగిలేవి రెండే. ఈ లెక్క చెబితే పాఠకుడు నీ వెంట నడుస్తాడు. నువ్వేమో దాన్ని బ్రాకెట్లో పెట్టి దాటేశావు.

పైరువేట్ తర్వాతి మెట్టు క్రెబ్స్ వలయం, అంటే చక్రంలా సాగే రసాయన చర్యలు. అందులోని ఆమ్లాల పేర్ల జాబితా తీసెయ్. అక్కడ కార్బన్లు కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతాయనీ, ఎలక్ట్రాన్లను వాహక అణువులు ఎత్తుకుపోతాయనీ చెప్పు చాలు.

ఒక తప్పు మాత్రం తప్పకుండా దిద్దు. మనం పీల్చిన ఆక్సిజనే కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుందని రాశావు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి ఆ వాహకాలు తెచ్చిన ఎలక్ట్రాన్లు, కణంలో శక్తి తయారయ్యే భాగమైన మైటోకాండ్రియా లోపలి పొరలో, ఒక ప్రోటీన్ల వరసలో చేతులు మారతాయి. ఆక్సిజన్ ఆ వరస చివర నిలబడి వాటిని అందుకుని నీరవుతుంది. అది అందకపోతే వెనకున్న వరసంతా నిలిచిపోతుంది. అప్పుడు కండరం పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చుకుంటూ, ఆ మొదటి రెండు ఏటీపీలతోనే నెట్టుకొస్తుంది.

ఎలక్ట్రాన్లు ఆ వరసలో దిగుతుంటే ప్రోటాన్లు పొర అవతలికి చేరతాయి. అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో ఒక ఎంజైమ్ తిరగలిలా తిరుగుతుంది, ఏటీపీ తయారవుతుంది. బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో ఈ ప్రోటాన్ల సంగతి ప్రతిపాదిస్తే చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. నీ వ్యాసం ఎక్కువసేపు నిలవాల్సిన చోటు ఇదే. అన్నట్టు, ఒక గ్లూకోజ్‌కు 38 ఏటీపీలన్నది పాత లెక్క. ఇప్పటి అంచనా 30 నుంచి 32.

ఇంకొకటి. 1929లో ఏటీపీని కనుగొన్నవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయనా సైరస్ ఫిస్కే హార్వర్డ్‌లో, కార్ల్ లోమన్ జర్మనీలో, విడివిడిగా అదే ఏడాది. తెలుగులో ఏటీపీ గురించి రాస్తూ ఆయన్ని తలవకపోతే నాకు బాధేస్తుంది.

తిరగరాసి పంపు. ఈసారి తిరగలి దగ్గర్నుంచే మొదలుపెట్టినా బాగుంటుంది.

ఆశీస్సులతో,
మీ అన్న