వైన్ షాపులో ఉద్యోగం, బిడ్డకు జబ్బు: బౌద్ధం దీన్ని కర్మఫలం అంటుందా?

మీరు వైన్ షాపులో సేల్స్‌మన్‌గా చేస్తున్నారనీ, నాలుగేళ్ల మీ అబ్బాయికి తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉందనీ, "మందు అమ్మిన పాపమే బిడ్డకు తగిలింది" అని మీ మేనత్తగారు నలుగురిలో అన్నారనీ, బుద్ధుడు చెప్పిన కర్మ కూడా ఇదేనా అనీ అడిగారు. ఇలాంటి మాట నేనూ పడ్డవాణ్ని కాబట్టి, చదివినదానికి అనుభవాన్ని కూడా జోడించి రాస్తున్నాను.

పల్నాడులో ఒక పురుగుమందుల దుకాణంలో పదకొండేళ్లు గుమాస్తాగా చేశాను. పత్తి దెబ్బతిన్న ఒక ఏడాది, మా దగ్గర అరువుకు తీసుకెళ్లిన మోనోక్రోటోఫాస్ తాగి ఒక రైతు చనిపోయాడు. ఆయన చొక్కా జేబులో దొరికిన బిల్లు నా చేతిరాతతోనే ఉంది. ధర తప్పు వేసి, కొట్టివేసి, పక్కన దిద్దిన అంకె కూడా అందులో అలాగే ఉంది. మరుసటి ఏడాది మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. "ఆ రైతు ఉసురు ఊరికే పోతుందా" అని పక్కింటాయన అరుగు మీద కూర్చుని అన్నాడు. నేను నమ్మాను. నమ్మినందుకు ఫలితం ఏమిటంటే, నాన్నగారికి ఫిజియోథెరపీ చేయించవలసిన మొదటి మూడు నెలలూ శాంతులు చేయిస్తూ తిరిగాను.

ఆ స్థితిలో మా ఊళ్లో బౌద్ధం తీసుకున్న ఒక మాష్టారు నాకు సంయుత్త నికాయంలోని (నికాయాలంటే బుద్ధుడి బోధల పాళీ సంకలనాలు, వాటిలోని ఒక్కో ఉపదేశం ఒక సుత్తం) సీవక సుత్తం చదివి వినిపించారు. రాజగృహంలోని వేణువనంలో మోలియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని దాదాపు మీ ప్రశ్నే అడుగుతాడు: మనిషి అనుభవించే సుఖమూ దుఃఖమూ అంతా పూర్వం చేసినదాని ఫలమేనని కొందరు శ్రమణులూ బ్రాహ్మణులూ అంటున్నారు, మీరేమంటారు? దానికి బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసిన సన్నిపాతం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి తగిలిన దెబ్బ అని ఏడు కారణాలు చెప్పి, కర్మ విపాకాన్ని, అంటే కర్మఫలాన్ని, ఎనిమిదోదిగా మాత్రమే చేర్చి, అన్నిటినీ పూర్వకర్మకే అంటగట్టడం పొరపాటని తేల్చి చెబుతాడు.

దీనికి ఎదురుగా కనిపించే సుత్తం ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మజ్ఝిమ నికాయంలోని చూళకమ్మ విభంగ సుత్తం, ప్రాణులను హింసించినవాడు మరుజన్మలో మనిషిగా పుడితే రోగిష్ఠిగా పుడతాడని చెబుతుంది. అయితే అదే సుత్తం ప్రాణులు తమ కర్మకు తామే వారసులని మొదలవుతుంది. తండ్రి ఉద్యోగం కొడుకు రక్తంలోకి దిగుతుందనే మాటకు అక్కడ చోటే లేదు. పైగా తలసీమియా జన్యువు మీ దంపతులిద్దరిలోనూ పుట్టుకతోనే ఉంది, మీరు ఆ షాపు మెట్లు ఎక్కడానికి ఎన్నో ఏళ్ల ముందునుంచీ ఉంది. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామని రాశారు. ఇద్దరూ వాహకులైనప్పుడు, అంటే తమకు జబ్బు లేకున్నా జన్యువును మోసేవాళ్లైనప్పుడు, ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, దాన్ని గర్భంలోనే పరీక్షించి తెలుసుకునే వీలుంది. అంతా పాపఫలమేనని కూర్చున్నవాడికి ఈ పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచనే రాదు. పూర్వకర్మే సర్వానికీ కారణమని నమ్మేవారికి "ఇది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు" అన్న పూనికే మిగలదని అంగుత్తర నికాయంలో బుద్ధుడు వారిని తప్పుపట్టింది సరిగ్గా ఇందుకే.

అయితే జబ్బుకు మీ ఉద్యోగం కారణం కాదన్నంత మాత్రాన ఉద్యోగం గురించిన ప్రశ్న తీరిపోదు. ఉపాసకుడు, అంటే బౌద్ధం పాటించే గృహస్థు, చెయ్యకూడని వ్యాపారాలుగా వణిజ్జ సుత్తం చెప్పినవి అయిదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం. మీది నాలుగోది, నాది అయిదోది. వ్యాపారం యజమానిది, మనం జీతగాళ్లం అని వాదించవచ్చు. పురుగుమందు పంటకు మందే గాని విషం కాదని నేను ఇంకో మెట్టు పైకెక్కి వాదించుకున్నాను. ఆ బిల్లు చూశాక అది నిలవలేదు. అలాగని ఆ మర్నాడే మానలేదు, మానమని మీకూ చెప్పను. మంగళ సుత్తంలో తల్లిదండ్రుల సేవ, భార్యాబిడ్డల పోషణ, చిక్కులు లేని పని అనే మూడూ ఒకే గాథలో ఉన్నాయి. నెలనెలా రక్తం ఎక్కించవలసిన బిడ్డను పెట్టుకుని మొదటి రెండూ వదిలేసి మూడోదాని వెంట పడటం ఆ గాథను సగమే చదవడం అవుతుంది.

అప్పులు తీర్చుకుని డ్రిప్ పైపుల దుకాణంలోకి మారడానికి నాకు ఏడాదిన్నర పట్టింది, జీతం రెండున్నర వేలు తగ్గింది. ఆ ఏడాదిన్నరలో, చేలో పైరే లేని రోజుల్లో ఒంటరిగా వచ్చి మోనో డబ్బా అడిగినవాళ్లకు సరుకు లేదని చెప్పి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి మాట్లాడేవాణ్ని. సరుకు లేదనడం అబద్ధమే, బుద్ధుడు చెప్పిన సమ్యక్ వాక్కు (సరైన మాట) కిందికి రాదు. అయినా దానికి నేనెప్పుడూ బాధపడలేదు. కర్మ అంటే చేతన అని, అంటే తలపెట్టి చేసేదని, బుద్ధుడే అన్నాడు. మీ కౌంటరు ముందుకు కూడా స్కూలు యూనిఫాంలో కుర్రాడు వస్తాడు, కాళ్లు తడబడుతూ బండి తాళం పట్టుకున్నవాడు వస్తాడు.

కరుణకు దూరపు శత్రువు, అంటే పూర్తిగా ఎదురైనది, క్రౌర్యమనీ, దగ్గరి శత్రువు, అంటే కరుణలాగే కనిపించి దారి తప్పించేది, దుఃఖమనీ బౌద్ధ సాధన గ్రంథమైన విశుద్ధిమగ్గం చెబుతుంది. ఈ రెండోది నాకు ఆలస్యంగా అర్థమైంది. నాన్నగారి మంచం పక్కన కూర్చుని ఏడవడమే ప్రేమ అనుకున్నంతకాలం ఆయన వీపు మీద పుండు పడినట్లు గమనించలేదు. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును చూసినప్పుడు బుద్ధుడు ఇది ఏ కర్మఫలమోనని విచారించలేదు. నీళ్లు తాను పోస్తూ, ఆనందుడి చేత కడిగించి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మంచం మీదికి చేర్చారని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది.

మీ మేనత్తగారి మాటకు ఏం బదులివ్వాలని కూడా అడిగారు. మూడేళ్ల కిందట మా పక్కింటాయనకు డయాలసిస్ మొదలైంది. ఆయన ఒకప్పుడు అన్న మాటే నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఉదయం ఆయన్ను ఆటో ఎక్కించడానికి ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. చెయ్యి నా భుజం మీద వేసుకుని ఎక్కించాను. దారిలో ఆయన మా నాన్నగారి గురించి అడిగాడు, ఎడమచేత్తో అన్నం కలుపుకుంటున్నారని చెప్పాను.