మే నెలలో రమ్మనండి

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, నాలుగేళ్ల కిందట మానేశాను. జహీరాబాద్ దగ్గర ఐదెకరాల ఎర్రచెలక కొన్నాను. రసాయనాలు లేకుండా కంది, జొన్న, కూరగాయలు పండిస్తున్నాను. రెండు ఆవులు, ఓ చిన్న ఇల్లు ఉన్నాయి. నాలాగే ఆలోచించే అమ్మాయి దొరికితే ఇద్దరం కలిసి ఇక్కడే బతకాలని కోరిక. పదకొండు సంబంధాలు చూశాను. ఉద్యోగం మానేశానని తెలియగానే సగం ఆగిపోయాయి. మొన్న జూన్‌లో నిజామాబాద్ వైపు అమ్మాయి ఒకామె వాళ్ల అన్నతో కలిసి పొలానికి వచ్చింది. పసుపు పండించే కుటుంబం. మునగచెట్ల దగ్గర ఆగి, ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు వేశారని అడిగింది. వివరంగా చెప్పాను. అంతా చూసి చివర్న ‘బాత్రూం ఎక్కడ?’ అంది. ఇంకా కట్టలేదన్నాను. వారం తర్వాత వద్దని కబురు పెట్టారు. రైతుబిడ్డే ఇలా అంటే ఇంకెవరు వస్తారు? కూకట్‌పల్లిలో ఉండే మా అమ్మ ‘నువ్వు తిరిగొస్తేనే సంబంధాలు చూస్తా’ అంటోంది. రాత్రి ఏడు దాటితే ఇక్కడ మాట్లాడే మనిషి ఉండరు. ఆమెకు మళ్లీ ఒకసారి ఫోన్ చేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం కానీ, నేను మొత్తం రెండుసార్లు చదివాను. బోరు ఎన్ని అడుగుల్లో పడిందీ, ఆవు పేడ, మూత్రంతో కలిపే జీవామృతం డ్రమ్ము ఎక్కడ పెట్టిందీ, ఏ ఆవు ఏ పూట ఎన్ని లీటర్లిచ్చేదీ, అడవిపందులకు కంచె ఎలా కట్టిందీ అన్నీ రాశారు. చదువుతుంటే కళ్ల ముందు పొలం కనిపించింది. కాబోయే ఆవిడ గురించి మాత్రం ఆరే వాక్యాలు. కట్టెల పొయ్యి మీద వండటానికి ఇష్టపడాలి. పాలు పితకడం నేర్చుకోవాలి. టీవీ అలవాటు ఉండకూడదు. ఉద్యోగం మానేయాలి. సిటీ మోజు ఉండకూడదు. రెండో పెళ్లి సంబంధం కాకూడదు.

నొచ్చుకోకండి, ఇవి పొలానికి జీతగాణ్ణి మాట్లాడుకునేటప్పుడు పెట్టే షరతుల్లా ఉన్నాయి. జీతగాడికైనా ఏడాదికి ఎంతిస్తామో ముందు చెబుతాం.

మీరు చెడ్డవారని కాదు. నాలుగేళ్లుగా ఒక్కరే ఆలోచించి, ఒక్కరే నిర్ణయించి, ఒక్కరే చేసుకుపోతున్నారు. మునగ ఎక్కడ వేయాలో, ఇంటి తలుపు ఎటు ఉండాలో, పొద్దున ఎన్నింటికి లేవాలో అన్నీ ఖరారైపోయాయి. ఇక మిగిలింది ఆ బొమ్మలో ఒక ఆడమనిషి. ‘నాలాగే ఆలోచించే అమ్మాయి’ అంటున్నారు గానీ, నిజంగా ఆలోచించే మనిషి వస్తే ఆవిడ ఆలోచనకు అక్కడ జాగా ఉందా? నిజామాబాద్ అమ్మాయి విషయంలో నాకు ఇదే తట్టింది.

ఆమె రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిది మునగ గురించి. పసుపు పండించే ఇంట్లో పుట్టిన పిల్ల, సాళ్ల మధ్య దూరం చూడగానే ఏదో తోచి అడిగింది. మీరేం చేశారు? మీ మాటల్లోనే, ‘పాలేకర్ గారి ఐదంచెల విధానం గురించి ఇరవై నిమిషాలు వివరించాను.’ రసాయనాల్లేని ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ విధానం, ఎత్తును బట్టి ఐదు అంచెల్లో పంటలు కలిపి వేయడం, గొప్పదే. 2016లో పద్మశ్రీ అందుకున్న మనిషి, మన రెండు రాష్ట్రాల్లోనూ వేలమంది రైతులు ఆయన శిబిరాల్లో కూర్చున్నవాళ్లే. కానీ ఆ ఇరవై నిమిషాల్లో ‘మీ దగ్గర ఎంత దూరం పెడతారు?’ అని ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉంటే ఉత్తరంలో రాసేవారు.

రెండో ప్రశ్న బాత్రూం. మీ దృష్టిలో అది సిటీ మోజు. నా దృష్టిలో ఆ రోజు అక్కడ నడిచిన మాటలన్నిట్లోకీ బరువైన మాట అదే. పొద్దున్నే చెంబు పట్టుకుని చీకట్లో గట్టు దాటి వెళ్లడం ఏమిటో ఊళ్లో పుట్టిన ఆడపిల్లకు బాగా తెలుసు. వానాకాలంలో ఆ గట్టు మీద ఏముంటాయో, నెలసరి రోజుల్లో ఆ నడక ఎలా ఉంటుందో కూడా తెలుసు. నాలుగేళ్లలో మీరు ఆవులకు కొట్టం కట్టారు, దానికి సిమెంటు గచ్చు కూడా వేయించానని రాశారు. ఆమె ఆ గచ్చు కూడా చూసే ఉంటుంది.

‘రైతుబిడ్డే ఇలా అంటే’ అన్నారు. రైతుబిడ్డ కాబట్టే అలా అడిగింది. సేద్యం చేసే అబ్బాయికి పిల్లనివ్వరన్న మాట ఇవాళ తెలుగు పల్లెల్లో ఎక్కడికెళ్లినా వినిపిస్తుంది. ఐదెకరాలు, పదెకరాలు ఉన్న ఇంటి పిల్లలకు కూడా నలభై దగ్గర పడుతున్నా పెళ్లిళ్లు కావడం లేదు. దీన్ని ఆడపిల్లల గొంతెమ్మ కోరికల కింద కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూతుర్ని పొలానికి ఇవ్వొద్దని మొదట పట్టుబట్టేది చాలా ఇళ్లలో తల్లే. కలుపు తీసి తీసి నడుం వంగిపోయినా, ఆ సేద్యంలో ఒక్క కాగితం మీద కూడా తన పేరు లేదని ఆమెకు తెలుసు. నేను పడ్డది చాలు, నా బిడ్డ పడొద్దు అనుకుంటుంది. మీరు సిటీ నుంచి వెనక్కి వచ్చారు, అది మీ ఇష్టం. పొలం నుంచి బయటపడాలని ముప్పై ఏళ్లుగా చూస్తున్న మనిషికి మీ ఇష్టం వింతగా తోస్తే తప్పులేదు.

కట్టెల పొయ్యి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సంగారెడ్డి వైపు మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చిన రోజు మా నాయనమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టింది. అప్పటికి యాభై ఏళ్లుగా పొగ మింగింది ఆవిడ. కట్టెల మీద వండిన పప్పు రుచి వేరని మా తాతయ్య ఎప్పుడన్నా అంటే, ‘అయితే నువ్వే ఊదు’ అనేది. మీకు ఆ పొయ్యి అంత ఇష్టమైతే ఉంచుకోండి, దాని మీద మీరు వండండి. షరతుల్లోంచి మాత్రం తీసేయండి.

ఇక కాగితం సంగతి. ఇది ప్రేమ, అభిరుచుల కన్నా ముందు తేల్చుకోవాల్సింది. తెలంగాణలో రైతు అంటే పాస్‌బుక్కులో పేరున్న పట్టాదారు. ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా అయినా, 2018లో మొదలైన 5 లక్షల రైతు బీమా అయినా ఆ పేరు మీదే నడుస్తాయి. రేపు మీ ఇంటికొచ్చిన ఆవిడ ఇరవై ఏళ్లు మీతో సమానంగా పనిచేసినా, పాస్‌బుక్కులో పేరు లేకపోతే ప్రభుత్వం లెక్కలో ఆవిడ రైతు కాదు. మీరు సొంతంగా కొన్న భూమి కాబట్టి మీరు బతికున్నంతకాలం చట్టప్రకారం ఆవిడకు అందులో వాటా లేదు. మీ తర్వాత, వీలునామా ఏదీ లేకపోతే, మీ అమ్మగారు, భార్య, పిల్లలు తలా ఒక భాగం పంచుకుంటారు. ‘కలిసి బతుకుదాం’ అని పిలుస్తున్నారు కదా, పెళ్లయ్యాక ఒక ఎకరమో రెండెకరాలో ఆవిడ పేర రాస్తారా? తహసీల్దార్ ఆఫీసులో గిఫ్ట్ రిజిస్ట్రేషన్‌తో అయిపోయే పని. రాయాల్సిందేనని నేననను. ఈ ప్రశ్న వినగానే మీకు కడుపులో ఏమనిపించిందో అది గమనించుకోండి.

డబ్బు విషయం మీ ఉత్తరంలో ఒక మూల దాక్కుంది. పోయినేడు పొలం మీద ఖర్చులు పోను మిగిలింది లక్షా ఎనభై వేలు. బ్యాంకులో పాత పొదుపు పదకొండు లక్షలు. అప్పు లేదు. మొదటి ఫోన్లోనే కాకపోయినా, రెండో కలయికలో ఈ మూడు అంకెలూ ఎదుటివారి ముందు పెట్టండి. బోరు ఎండితే ఏం చేస్తారు, ఆసుపత్రి ఖర్చు వస్తే బీమా ఉందా, పిల్లలు పుడితే బడి ఎక్కడ అని అడుగుతారు. అడగనివ్వండి, అవి పెళ్లి చేసుకునే మనిషి అడగాల్సిన ప్రశ్నలే. అలాంటప్పుడు ఆవిడ ఉద్యోగం ఎందుకు మానేయాలి? ఇంట్లోంచే పనిచేసే ఉద్యోగమో, జహీరాబాద్‌లో టీచరు పనో ఉంటే, వానలు మొహం చాటేసిన ఏడాది మీ ఇద్దరినీ నిలబెట్టేది అదే. మా ఎరికలో సేద్యం మీద నిలదొక్కుకున్న జంటల్లో ఎక్కువమందికి పొలం కాక ఇంకో రాబడి ఏదో ఒకటి ఉంది. దాన్ని ఓటమి అనుకునేవాళ్లే త్వరగా అలిసిపోయారు.

మనుషులను ఎక్కడ వెతకాలి అంటే, మ్యాట్రిమోనీ సైట్లో ‘ప్రకృతి ప్రేమికుడు’ అని రాస్తే వచ్చేవి వారాంతపు ఫామ్‌హౌస్ ఊహలే. మీరున్నది జహీరాబాద్. పాత విత్తనాలను ఇళ్లలో దాచి కాపాడిన ఆడవాళ్ల సంఘాలకు దేశమంతటా పేరున్న ప్రాంతం. ఆ సంఘాలతో కలిసి పనిచేసే పస్తాపూర్ డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) వాళ్లు సంక్రాంతి నుంచి ఎడ్ల బండ్ల మీద ఊరూరా తిప్పే పాత పంటల జాతరకు ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు వెళ్లారు? 2008 నుంచి ఆ ఆడవాళ్లే నడుపుతున్న సంఘం రేడియో మాచునూరులో ఉంది, మీ పొలానికి దగ్గరే. అక్కడ పెళ్లికూతురు దొరుకుతుందని పంపడం లేదు. కొన్నాళ్లు వెళ్లి వాళ్లు చెప్పేది వినండి. సేద్యం గురించి ఆడవాళ్లు చెబుతుంటే వినడం అలవాటైతే, తర్వాత వచ్చే మనిషితో మీ మాట తీరే మారుతుంది. ఆ జాతరలకు, విత్తనాల మేళాలకు హైదరాబాద్ నుంచి వచ్చే అమ్మాయిలూ ఉంటారు. వాళ్లలో కొందరు ఒక పెళ్లి చేదు చూసి, అందుకే ఊరి వైపు చూస్తున్నవాళ్లు. రెండో పెళ్లి సంబంధం వద్దన్న ఆ ఆరో షరతు ఎందుకు పెట్టారో నాకు తెలియదు, మీకు తెలుసా?

కలిశాక, సంబంధం కాస్త ముందుకెళ్లేలా ఉంటే, పొలానికి డిసెంబర్‌లో రమ్మనకండి. అప్పుడు కంది పూసి, పొద్దున మంచు పడి, ఎవరికైనా ఇక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. మే నెలలో రమ్మనండి. బోరు ఆగి ఆగి పోసే రోజుల్లో, మధ్యాహ్నం రేకుల కింద కూర్చోలేని వేళల్లో. మళ్లీ ఆగస్టులో, దారి బురదై బండి దిగబడేటప్పుడు. అన్నో, అక్కో, స్నేహితురాలో తోడుగా వచ్చి మూడు నాలుగు రోజులుంటే ఊళ్లో ఎవరూ పెద్దగా ఏమీ అనుకోరు. అనుకున్నా కలుపు రోజులు రాగానే మర్చిపోతారు. ఆ నాలుగు రోజులూ ఆవిడను అతిథిలా కూర్చోబెట్టి ఊరేగించకండి, అలాగని పరీక్షా పెట్టకండి. మీ మామూలు రోజు నడవనివ్వండి. ఒక పూట వంట మీరు చేయండి.

ఆవుల గురించి కూడా ముందే మాట్లాడుకోండి, నవ్వకండి. రోజుకు రెండుసార్లు పాలు పితకాలి, పండగైనా జ్వరమొచ్చినా సరే. ఇద్దరూ కలిసి ఆవిడ పుట్టింటికి వెళ్తే ఆ రెండు పూటలూ ఎవరు పితుకుతారు? ఊళ్లో ఎవరితోనైనా ఆ ఏర్పాటు లేకపోతే, బతుకమ్మకు ఆవిడ ఒక్కతే వెళ్లాలి, మేనమామ కూతురి పెళ్లికీ ఒక్కతే వెళ్లాలి. మూడో ఏడు వచ్చేసరికి ఇంట్లో గొడవ ఆవు పేరుతో మొదలవుతుంది. ఇలాంటివి రెండు మూడు చూశాను.

రాత్రి ఏడు తర్వాత వేళ గురించి రాసిన నాలుగు లైన్లు మిగతా ఉత్తరమంతటికన్నా నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. కుక్క, ఫోను, లైటు చుట్టూ పురుగులు. దానికి పెళ్లి దాకా ఆగొద్దు. భార్య వచ్చాక కూడా మీ ఇద్దరికీ ఇంకో నలుగురు మనుషులు కావాలి, లేకపోతే ఆ ఒంటరితనం ఇద్దరిదవుతుంది. వారానికి రెండు సాయంత్రాలు ఊళ్లోకి వెళ్లండి, చాయ్ బండి దగ్గర కూర్చోండి. పక్క పొలం పెద్దాయన గురించి ఒకే ఒక్క ముక్క రాశారు, ‘యూరియా వాడతాడు’ అని. వాడనివ్వండి, ఆయన ఇంట్లో ఓ పూట భోంచేయండి. నిద్ర పట్టని రాత్రులు వారాల తరబడి సాగుతుంటే, బతుకు మీద విసుగు పుడుతుంటే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ అది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మగారితో పంతానికి పోకండి. తిరిగి రమ్మంటున్నది ఆవిడ భయం. ఒక పది రోజులు తీసుకొచ్చి దగ్గర పెట్టుకోండి, అదీ బాత్రూం కట్టించాకే. అరవై నాలుగేళ్ల మనిషి కూడా గట్టు దాటాలనుకోదు.

చివరికి మీరడిగింది: ఆ అమ్మాయికి ఫోన్ చేయొచ్చా? ఒక్కసారి చేయండి, వాళ్ల అన్నకు చెప్పే చేయండి. సంబంధం మాట ఎత్తొద్దు, బాత్రూం కట్టిస్తున్నానని బేరం పెట్టొద్దు. ‘ఆ రోజు మునగచెట్ల గురించి మీరేదో చెప్పబోయారు, నేనే మాట్లాడేశాను. ఏం చెప్పాలనుకున్నారు?’ అని అడిగి ఊరుకోండి. ఆమె చెబితే రాసుకోండి. ఫోన్ ఎత్తకపోతే రెండోసారి చేయకండి.