రిన్స్ ఎయిడ్ పోసినా గ్లాసులపై తెల్లమచ్చలెందుకు?

ప్రశ్న: మాది బోరు నీరు. డిష్‌వాషర్‌లో రిన్స్ ఎయిడ్ (గిన్నెలు త్వరగా ఆరేందుకు పోసే ద్రవం) నింపుతూనే ఉన్నాం. అయినా గాజు గ్లాసులు తెల్లగా మసకబారుతున్నాయి. డోసు పెంచాలా?

జవాబు: తొందరపడి పెంచకండి. ముందు ఒక గ్లాసును నిమ్మచెక్కతో రుద్ది చూడండి. తెలుపు పోతే అది నీటిలోని సున్నం. దానికి మందు రిన్స్ ఎయిడ్ కాదు, ఉప్పు. మెషీన్ అడుగున ఉన్న అరలో డిష్‌వాషర్ ఉప్పే నింపి, మీ నీటి కాఠిన్యానికి తగ్గట్టు సెట్టింగ్ పెట్టండి. వంటింటి ఉప్పు మాత్రం వద్దు. రుద్దినా పోకపోతే గాజే అరిగింది, ఇక బాగుపడదు.

రిన్స్ ఎయిడ్ పని వేరు. చివరి వేడినీటి కడుగులో విడుదలై, నీరు చుక్కలుగా నిలవకుండా పలచని పొరలా జారిపోయేలా చేస్తుంది. గిన్నెలు త్వరగా ఆరేది అందుకే. స్టీలు పళ్లేలపై గుండ్రటి చుక్క మరకలు మిగిలితే రిన్స్ ఎయిడ్ డోసు సెట్టింగ్‌ను ఒక అంకె పెంచండి. గ్లాసులపై నీలిరంగు చారలు, జిడ్డు కనిపిస్తే ఒకటి తగ్గించండి. ఒక్కసారే రెండు మూడు అంకెలు మార్చొద్దు.

నింపేటప్పుడు తలుపు మీది అర బయట ఒలికితే వెంటనే గుడ్డతో తుడవండి. లేకుంటే లోపల నురగ పొంగుతుంది. ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం ఎంత పోసినా పూర్తిగా ఆరవు. వేడిని పట్టి ఉంచలేవు కదా.