మూత్రంలో రక్తం: ‘వేడి చేసింది’ అని ఊరుకోవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. టీచర్‌ని. వారం రోజులుగా మూత్రంలో ఒకటే మంట. పది నిమిషాలకోసారి వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలే. నిన్నటి నుంచి చివర్లో ఎర్రగా రక్తం పడుతోంది. నెలసరి కాదు. వేడి చేసిందని అత్తయ్య సబ్జా నీళ్లు, బార్లీ ఇస్తున్నారు. మొదట్లో మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు రెండు పూటలు వేసుకుంటే తగ్గింది, మానేశాను. మళ్లీ మొదలైంది. ఈ ఏడాదిలో ఇలా రావడం మూడోసారి. క్యాన్సరేమోనని నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ కాస్త తగ్గించుకోండి. మీ వయసులో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, చివర్లో రక్తం కలిసి వస్తే, చాలావరకు అది మూత్రాశయానికి ఇన్ఫెక్షన్ సోకి లోపలి పొర వాచిపోవడమే. మూత్రాశయం ఖాళీ అవుతూ గట్టిగా ముడుచుకున్నప్పుడు ఆ వాచిన పొర నుంచి రక్తం వస్తుంది. అందుకే మీకు చివర్లో పడుతోంది.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నాకూ వచ్చింది. లేబర్ రూమ్ డ్యూటీలో పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు, బాత్రూమ్‌కి వెళ్లలేదు. రాత్రి చూస్తే గులాబీ రంగు నీళ్లు, ఆఖర్న రెండు ఎర్రటి చుక్కలు. కాళ్లు వణికాయి. మీరు రాయలేదు గానీ, మీ స్కూల్లో బాత్రూమ్ సరిగా ఉందా? సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆపుకుంటున్నారా? మూడుసార్లు రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

అత్తయ్య గారిచ్చే బార్లీ నీళ్లు తాగండి, మంచిదే. కానీ వాటితో ఇన్ఫెక్షన్ పోదు. రెండు పూటలు వేసుకుని ఆపేసిన యాంటీబయాటిక్ అంతకంటే నష్టం. సగంలో వదిలేస్తే బ్యాక్టీరియా పూర్తిగా చావదు, తర్వాత మందులకు లొంగకపోవచ్చు.

రేపే డాక్టర్ దగ్గరకు వెళ్లి, కొత్త మందు మొదలుపెట్టే ముందే యూరిన్ రొటీన్, కల్చర్ పరీక్షలకు ఇవ్వండి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టండి. డబ్బా లోపల వేలు తగలకూడదు. ఆలస్యం చేయకుండా ల్యాబ్‌లో ఇచ్చేయండి. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఏ బ్యాక్టీరియా ఉంది, అది ఏ మందుకు లొంగుతుందో తేలేది అందులోనే. పాత మాత్రల అట్ట కూడా తీసుకెళ్లి చూపించండి.

ఇలాంటప్పుడు తరచూ రాసేది నైట్రోఫ్యురాంటాయిన్ అనే యాంటీబయాటిక్, మామూలుగా అయిదు రోజులు, తిన్న తర్వాత. మంట తగ్గినా కోర్సు పూర్తి చేయాలి. మంటకని షాపుల్లో ఇచ్చే సిట్రేట్ సిరప్ దానితోపాటు సొంతంగా తాగొద్దు. ఆ సిరప్‌తో మూత్రంలో క్షార గుణం పెరిగితే నైట్రోఫ్యురాంటాయిన్ సరిగా పనిచేయదు. గర్భం ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా ముందే చెప్పాలి. మూడోసారి కాబట్టి షుగర్ పరీక్ష, రాళ్లేమైనా ఉన్నాయేమో చూసే స్కానింగ్ కూడా చేయించమని అడగండి.

చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకినట్టు అనుమానించాలి. రక్తం గడ్డలు పడుతున్నా, మూత్రం బిగదీసుకుపోయినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ గొట్టం వేసి, గడ్డలు పోయేదాకా మూత్రాశయాన్ని సెలైన్‌తో కడుగుతారు.

క్యాన్సర్ వంటి జబ్బులకు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు వాడేవాళ్లకు, పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఇన్ఫెక్షన్ లేకుండానే ఇలా రక్తం రావచ్చు. రేడియేషన్ అయిన ఏళ్ల తర్వాత కూడా వస్తుంది. వాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

మీ క్యాన్సర్ భయం గురించి: కోర్సు అయ్యాక కొన్ని వారాలకు యూరిన్ మళ్లీ పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ పోయినా అందులో రక్తకణాలు కనిపిస్తే, యూరాలజిస్ట్ సన్నని కెమెరాతో మూత్రాశయం లోపల చూస్తారు. నాకు ఎక్కువ భయం మంటా నొప్పీ లేకుండా రక్తం పడే వాళ్ల గురించే, ముఖ్యంగా వయసు పైబడిన, పొగ తాగే మగవాళ్లు. నొప్పి లేదు కదా అని నెలల తరబడి ఊరుకుంటారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ పేజీ వాళ్లకూ చూపించండి. మీ కల్చర్ రిపోర్టు వచ్చాక నాకు రాయండి.