చైనా వైద్య గ్రంథాలు చదవాలంటే చైనా డాక్టర్ డిగ్రీయే కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ అయ్యాక లాంగ్‌టర్మ్ కూడా చేసింది. నీట్‌లో క్వాలిఫై అయింది కానీ ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు కాదు. చైనాలో ఐదేళ్ల సంప్రదాయ చైనా వైద్యం డిగ్రీ చేస్తే పేరు ముందు డాక్టర్ వస్తుందని, తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఆ పాత వైద్య పుస్తకాలంటే అమ్మాయికీ ఇష్టమే, ఏడాదిగా చైనీస్ నేర్చుకుంటోంది. ఇదా, బీఏఎంఎస్సా, ఏది మంచిది? ఏం చేస్తున్నారని చుట్టాలంతా అడుగుతున్నారు.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో అసలు బాధ చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. ఒకసారి ఫిలిప్పీన్స్, ఒకసారి కిర్గిజ్‌స్తాన్, ఇప్పుడు చైనా. దేశం మారుతుంది కానీ చుట్టాలు మారరు. వాళ్లకు చెప్పుకోవడానికి ఓ మాట కావాలి, ఆ మాటను కన్సల్టెన్సీ వాళ్లు అమ్ముతున్నారు.

సూటిగా చెబుతాను. ఆ డిగ్రీతో మీ అమ్మాయి ఇక్కడ డాక్టర్‌గా రిజిస్టర్ కాలేదు. విదేశీ డిగ్రీ ఎంబీబీఎస్‌కు సమానమైతేనే జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) ఒప్పుకుంటుంది. ఇది వేరే వైద్యం డిగ్రీ కాబట్టి, విదేశంలో చదివొచ్చినవాళ్లు రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షకు అర్హతే రాదు. పోనీ ఆయుష్ వైపు వెళ్దామంటే, అక్కడ ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, హోమియో ఉన్నాయి, టిబెటన్ల సోవా రిగ్పాకు కూడా చోటుంది, చైనా వైద్యానికి లేదు. ఆక్యుపంక్చర్‌ను చికిత్సా పద్ధతిగా మన దేశంలో అనుమతిస్తారు, మహారాష్ట్రలో 2015లో చట్టం కూడా చేశారు. దానికోసం ఐదేళ్లు చైనాలో ఉండక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 2012 నుంచి చైనా వైద్యులను రిజిస్టర్ చేసుకుంటున్న మాట నిజమే. అయితే మీరడిగింది ఖమ్మంలో ప్రాక్టీస్ గురించి.

ఈ కోర్సుల ప్రచారంలో తరచూ చైనా శాస్త్రవేత్త తూ యోయో ఫొటో కనిపిస్తుంది. పాత గ్రంథం చదివి మలేరియా మందు కనిపెట్టి 2015లో నోబెల్ తెచ్చుకున్నారని కింద రాస్తారు. అబద్ధం కాదు, కానీ సగమే చెబుతారు. ఆవిడ చదివింది ఫార్మసీ, 1955లో బీజింగ్ మెడికల్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. ఉద్యోగంలో చేరాకే రెండున్నరేళ్లు చైనా వైద్యం కోర్సు చేశారు. నాలుగో శతాబ్దపు గ హోంగ్ పుస్తకంలో ఓ చిన్న మందు ఉంది: గుప్పెడు చింగ్‌హావ్ అనే మొక్క ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగాలి. మరిగించమని ఎక్కడా లేదు. వేడికి మందు గుణం పోతోందేమోనని ఆవిడకు తట్టింది. తక్కువ వేడిలోనే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971లో ఎలుకల మీద అది పనిచేసింది. పాత పుస్తకం దారి చూపించింది, మందు అవునో కాదో ప్రయోగశాల తేల్చింది. ఈ రెండో సగం తెలిస్తే పిల్లలు ఏ కోర్సు వైపు చూడాలో తెలుస్తుంది.

ఇక గ్రంథాల సంగతి. మీ అమ్మాయి ఏం చదువుతోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఎప్పుడైనా పక్కన కూర్చుని అడిగారా? ఫీజు ఎంతో, హాస్టల్లో మన భోజనం దొరుకుతుందో లేదో అడిగే ఉంటారు. చైనాను ఏలిన హాన్ రాజవంశం చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. రెండు వందల మందికి పైగా ఉన్న తన వంశంలో పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండొంతుల మంది పోయారని, వాళ్లలో ఎక్కువమందిని జ్వరాలే తీసుకుపోయాయని ముందుమాటలో రాసుకున్నాడు. ఆ దుఃఖంలోంచి వచ్చిందే షాంగ్‌హాన్ లున్ అనే జ్వరాల వైద్య గ్రంథం. అందులో మొదటి కషాయానికి దాల్చిన కొమ్మలు, అల్లం, అతిమధురం, పియోనీ వేరు, పన్నెండు ఎండు జుజుబీ (చైనా రేగు) పళ్లు కావాలి. కషాయం తాగిన కాసేపటికి వేడి పల్చటి గంజి తాగి, దుప్పటి కప్పుకుని దాదాపు రెండు గంటలు పడుకోవాలట. ఒళ్లంతా సన్నగా చెమట పట్టాలి, ధారగా కారకూడదు, అలా కారితే జబ్బు పోదు అంటాడు. ఇంత జాగ్రత్తగా రాసిన పుస్తకం మీద ఓ పిల్లకు మనసు పోవడం చిన్న విషయమా? జ్వరమొచ్చిన మనిషిని పక్కన కూర్చుని చూసినవాడి రాత అది.

అలాగని అది రేపే వాడుకునే మందుల చీటీ కాదు. అందులోని ‘లియాంగ్’ కొలత ఇప్పటి లెక్కలో ఎన్ని గ్రాములో పండితులకే ఏకాభిప్రాయం లేదు. కొందరి లెక్క మూడు గ్రాములు, కొందరిది పదిహేను దాటుతుంది. మందు విషయంలో ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. అది తేల్చాలంటే ప్రాచీన చైనీస్ రావాలి, మొక్కల శాస్త్రం రావాలి.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. అమ్మాయికి రోగుల్ని చూడాలనుంటే బీఏఎంఎస్ మంచిది. క్వాలిఫై అయింది కాబట్టి ఎర్రగడ్డ, వరంగల్ ప్రభుత్వ కాలేజీలతో మొదలుపెట్టి కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టించండి. అక్కడ సంస్కృతం, సంహితలు మొదటి ఏడాది నుంచే ఉంటాయి, పాత గ్రంథాన్ని పట్టుకుని చదవడం అలవాటవుతుంది. మొక్కలో మందు ఏముందో తెలుసుకోవాలనుంటే బీఫార్మసీ, ఆ తర్వాత పై చదువుకు హైదరాబాద్‌లోనే జాతీయ ఫార్మసీ సంస్థ నైపర్ ఉంది. పుస్తకమే ముఖ్యమనుకుంటే జేఎన్‌యూలో చైనీస్ బీఏ ఉంది, శాంతినికేతన్‌లో 1937 నుంచి చైనా భాష, సంస్కృతి చదువులకు చీనా భవన ఉంది. చుట్టాలకు ఆ పేర్లు వింతగా తోస్తే తోయనివ్వండి. లాంగ్‌టర్మ్ చేసి ర్యాంకు రానంతమాత్రాన పిల్ల చెడిపోలేదు. పద్దెనిమిదేళ్లకే తనంతట తానుగా ఒక కష్టమైన భాష పట్టుకుందంటే ఆమె గురించి మీరు ఇంత టెన్షన్ పడక్కర్లేదు. నేనైతే బీఫార్మసీతో పాటు చైనీస్ వదలకుండా చదవమంటాను.

కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టకపోతే ఆగండి. కట్టి ఉంటే, ఈ డిగ్రీతో భారతదేశంలో ఏ రిజిస్టర్‌లో పేరెక్కుతుందో కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇమ్మనండి. ఇవ్వనంటే డబ్బు వెనక్కి అడగండి.

అమ్మా, ఇది నీకు. మొదట చైనా ప్రాచీన వైద్య గ్రంథం హువాంగ్‌దీ నేయ్‌జింగ్‌లోని సూవెన్ భాగం చదువు. చక్రవర్తి అడుగుతుంటే వైద్యుడు చీబో చెప్పే సంభాషణ అది, 81 అధ్యాయాలు. జర్మన్ పండితుడు ఉన్‌షుల్ట్ ఇంగ్లిష్ అనువాదంలో వివరణలు బాగుంటాయి. షాంగ్‌హాన్ లున్ ఆ తర్వాత చదువుదువుగాని. చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి ఫీజు మాత్రం ఈ నెలే నాన్న చేత కట్టించు.